ఏడో పాఠం: కీప్

కడియం,
12 ఆగస్టు 1997

రాజమండ్రి పోస్టల్ ఇంగ్లీషు శిక్షణాలయం వారికి,

కడియం నుంచి అచ్చాయమ్మ నమస్కారం. ఈ ఉత్తరానికి నమస్కారం పెట్టాను. వచ్చే ఉత్తరానికి పెట్టేదీ మానేదీ మీ జవాబుని బట్టి ఉంటుంది.

మీ పాఠాలు పోస్టులో సక్రమంగానే అందుతున్నాయండి. మొదటి ఆరు బాగా ఒంటబట్టాయి. ఈజ్, ఆర్, వాజ్ అన్నీ వచ్చేశాయి. నర్సరీలో అంట్లు కట్టుకుంటూ "దిస్ ఈజ్ ఎ రోజ్, దట్ ఈజ్ ఎ లారీ" అని పైకే అనుకుంటుంటే, పనివాళ్లు నాకేదో గాలి సోకిందనుకున్నారు. అయినా మానలేదు. బెంగుళూరు నుంచీ కలకత్తా నుంచీ మొక్కలకి వచ్చే షావుకార్లతో నేను సొంతంగా మాట్లాడుకోవాలి. ఇంకో అవసరం కూడా ఉంది. అది ముందు మీ సంగతి తేలాక చెబుతాను.

నిన్న ఏడో పాఠం వచ్చింది. పైన పెద్ద అక్షరాలతో "కీప్" అని ఉంది. కింద వాక్యాలు. "రంగయ్య కీప్స్ ఎ కౌ." "మై అంకుల్ కీప్స్ హెన్స్." "షీ కీప్స్ ది హౌస్ క్లీన్." అన్నిటికన్నా కింద, "గాడ్ కీప్ యూ."

ఏమండీ, మీది చదువు చెప్పే ఆఫీసేనా? మన జిల్లాలో కీప్ అని ఎవర్ని అంటారో మీకు తెలియదా? మొగవాడు తాళి కట్టకుండా ఉంచుకున్న ఆడదాన్ని అంటారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివాడికి కూడా ఆ ఒక్క ముక్కా వచ్చు. అలాంటి మాటని ఆవుకీ, కోళ్లకీ అంటగట్టి ఇంటింటికీ పోస్టులో పంపుతారా? మా లారీల గుమాస్తా అబ్బులు పదో తరగతి దాకా వెళ్లి అక్కడే చాలాకాలం ఉన్నాడు. గాడ్ కీప్ యూ అంటే ఏంటిరా అని అతన్ని అడిగాను. "దేవుడు మిమ్మల్ని ఉంచుకోవాలనండి" అని చెప్పి, సిగ్గుపడిపోయి లారీ వెనక్కి వెళ్లిపోయాడు. దేవుణ్ణి కూడా వదల్లేదు మీరు.

ఆ పాఠం మార్చి పంపండి. లేకపోతే చదువు మానేస్తాను.

ఇట్లు,
కోపంగా ఉన్న మీ విద్యార్థిని
అచ్చాయమ్మ

తా.క.: రంగయ్య ఎవరు? మా ఊళ్లో ఒక రంగయ్య ఉన్నాడు. అతనికి ఆవు లేదు. మిగతాదంతా నిజమే.

*

రాజమండ్రి,
18 ఆగస్టు 1997

అచ్చాయమ్మ గారికి,

శిక్షణాలయం తరఫున ఉదయభాస్కర్ రాస్తున్నది. శిక్షణాలయం తరఫున అంటే నా తరఫునే. ఇక్కడ ప్రిన్సిపాలూ నేనే, కవర్లకి గమ్ము రాసేదీ నేనే.

మీ ఉత్తరం చదివి నాకు ఆశ్చర్యం వేయలేదు, ఒళ్లు మండింది. పాతికేళ్లుగా నా తగువంతా మీలాంటి వాళ్లతోనే. వెనక ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తుండగా బోర్డు మీద "కిస్" అనే క్రియ రాశానని కమిటీ వాళ్లు నన్ను నిలదీశారు. "ది మదర్ కిస్డ్ ది చైల్డ్" అని వాక్యం పూర్తి చేసేదాకా ఆగే ఓపిక వాళ్లకి లేకపోయింది. వాళ్లతో పనిచేసే ఓపిక నాకూ లేకపోయింది. ఉద్యోగం వాళ్ల మొహాన కొట్టి వచ్చాను.

ఇంగ్లీషులో కీప్ అంటే ఉంచడం. ఆవుని కీప్ చేస్తే పెంచడం. షాపుని కీప్ చేస్తే నడపడం. మాటని కీప్ చేస్తే నిలబెట్టుకోవడం. గాడ్ కీప్ యూ అంటే దేవుడు చల్లగా కాపాడాలని. నాకు దేవుడంటే నమ్మకం లేదు, ఆయన్ని వ్యాకరణం కోసం పిలిచాను, పని అవగానే పంపించేశాను.

ఇంత మంచి క్రియని పట్టుకుని, అన్ని అర్థాలూ చెరిపేసి, ఒక్కటి మిగిల్చి, దాన్ని ఆడదాని నెత్తిన పేరుగా పెట్టింది ఎవరండీ? ఇంగ్లీషువాడా? కాదు, మనం! ఉంచుకున్న మొగవాడికి పేరేదీ? వాడు ఊళ్లో పెద్దమనిషి. గుళ్లో మొదటి హారతి వాడికి, పంచాయితీలో మొదటి కుర్చీ వాడికి. కీప్ మాత్రం ఆమె. వాక్యంలోంచి కర్త జారుకున్నాడు, కర్మ ఆమెకి మిగిలింది. మీలాంటి గౌరవప్రదమైన ఇల్లాళ్లు భర్త నీడన సుఖంగా కూర్చుని, వీధిలో ఆమె ఎదురైతే చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పక్కకి తప్పుకుంటారు. ఒక్కసారి ఆమె పక్కన కూర్చుని మాట్లాడి చూడండి. అప్పుడు రాయండి నాకు ఉత్తరం.

పాఠం మార్చను.

ఇట్లు,
నిజానికి తప్ప ఎవరికీ విధేయుడు కాని
ఉదయభాస్కర్

తా.క.: చదువు మాత్రం మానకండి. కోపం ఉన్నవాళ్లకే భాష తొందరగా వస్తుంది. కీప్ ఇన్ టచ్.

*

కడియం,
23 ఆగస్టు 1997

ఉదయభాస్కర్ అనే ఆయనకి,

కడియం నుంచి అచ్చాయమ్మ. నమస్కారం లేదు.

మీరు చెప్పిన పని చేశాను. ఆవిడ పక్కన కూర్చుని మాట్లాడాను. ఎలా కుదిరిందంటే, ఆవిడ నేనే. ఇన్నేళ్లూ ఆవిడ పక్క నుంచి లేచి వెళ్లడానికి నాకు వీలే పడలేదు. గౌరవప్రదమైన ఇల్లాలు అని మీరు తిడుతుంటే మొదటిసారి ఆ మాట నన్నెవరో అన్నారు కదా అని ఒక నిమిషం సంతోషించాను కూడా.

ఆ సంతోషం తా.క. దగ్గరికి వచ్చేసరికి పోయింది. కీప్ అంటే నాకు తెలుసు. టచ్ అంటే తాకడమని అబ్బులు చెప్పాడు. మధ్యలో ఇన్ ఏంటిరా అన్నాను. "లోపలండి" అన్నాడు. ఇంక నేను వివరాలు అడగలేదు. ముక్కూ మొహం తెలియని ఆడదానికి ఆ మాట రాస్తారా? అది కూడా ఇన్ని నీతులు చెప్పాక? అంట్లు కట్టే చాకు ఎప్పుడూ నా బొడ్లోనే ఉంటుంది. కడియం నుంచి రాజమండ్రికి బస్సు ఎంతోసేపు పట్టదు. అర్థం చేసుకోండి.

అయినా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, నాకు దిక్కు లేదు.

సత్తియ్య గారు పోయి ఏడాది కావస్తోంది. నర్సరీ ఆయనదీ నాదీనండి. భూమి మాత్రం తాతాజీ గారనే ఆసామిది, కౌలు సత్తియ్య గారి పేరున ఉండేది. సత్తియ్య గారికి తాళి కట్టిన భార్య వీరమ్మ గారు ఊళ్లో ఉన్నారు, కొడుకు అశోక్ ఉన్నాడు. అశోక్‌కి మొక్కలంటే పడదు. కౌలు తన పేరున రాయించుకుని, మొక్కలన్నీ పీకించి సిమెంటు గోడౌను వేస్తాడట. దసరా వెళ్లాక ఇద్దర్నీ కూర్చోబెట్టి కౌలు ఎవరికో తేల్చేస్తానని తాతాజీ గారు అన్నారు. పోతే నాకు నర్సరీయే కాదు, పడుకునే పాక కూడా పోతుంది. అది అందులోనే ఉంది.

అశోక్ తరఫు లాయరు నాకు ఇంగ్లీషులో నోటీసు పంపాడు. నేను మీ దగ్గర చేరిన రెండో అవసరం ఇదే. అందులో ఒక వాక్యం నా పేరుతో ఉంది. "ది డిసీజ్డ్ కెప్ట్ వన్ అచ్చాయమ్మ." డిసీజ్ అంటే రోగమని అబ్బులు చెప్పాడు. "రోగం ఒక అచ్చాయమ్మని ఉంచుకుంది" అని అర్థమట. నిజానికి దగ్గరగానే ఉంది గానీ, లాయరు అంత తెలివైనవాడా అని నాకు అనుమానం. మీరు చెప్పండి.

ఇట్లు,
అచ్చాయమ్మ

తా.క.: చాకు సంగతి బెదిరింపు కాదు. సమాచారం.

*

రాజమండ్రి,
27 ఆగస్టు 1997

అచ్చాయమ్మ గారికి,

మీరు పెట్టకపోయినా నేను నమస్కారం పెడుతున్నాను. ఇది ఏడో పాఠానికి కాదు, మీకు.

మిమ్మల్ని అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఇల్లాళ్లని అన్నవి మాత్రం అలాగే ఉంటాయి. కీప్ ఇన్ టచ్ అంటే ఉత్తరాలు రాస్తూ ఉండండి అని. అంతకన్నా ఒక్క అంగుళం కూడా ముందుకి జరగలేదు ఆ వాక్యం. అబ్బులు గారి చేత ఇంగ్లీషు మాన్పించండి, దేశానికి మేలు.

డిసీజ్డ్ అంటే మరణించినవాడు. "మరణించిన వ్యక్తి అచ్చాయమ్మ అనే ఒకామెని ఉంచుకున్నాడు" అని ఆ లాయరు రాశాడు. వన్ అచ్చాయమ్మట! కొట్లో పెన్సిలు అడిగినట్టు.

ఆ మాట చూస్తుంటే నాకు మా జ్ఞానప్రకాశం మాస్టారు గుర్తొచ్చారండి. బోర్డు స్కూల్లో మాకు ఇంగ్లీషు చెప్పేవారు. గుమ్మంలో కాలు పెట్టగానే "కీప్ క్వయిట్" అనేవారు. అది ఆయన ఇంటిపేరని నేను చాలాకాలం నమ్మాను. వానాకాలం పెంకుల సందుల్లోంచి నీళ్లు కారేవి. ఆయన తరగతిలోనే గొడుగు వేసుకుని నిలబడి పాఠం చెప్పేవారు. "ది రెయిన్ కీప్స్ ఫాలింగ్" అన్నారు ఒకరోజు, పైకి చూస్తూ. వాన పడుతూనే ఉంది అని. మేమంతా నోట్సులు చొక్కాల్లో దాచుకుని పైకి చూశాం. నాకు ఇప్పటికీ ఆ వాక్యం తడిగానే ఉంటుంది. అలాంటి క్రియ అది. దాన్ని తెచ్చి ఒక మనిషిని గెంటెయ్యడానికి వాడతారా!

దారి ఉంది, భయపడకండి. వాక్యాన్ని తిరగేస్తే కర్మ ముందుకి వస్తుంది. దీన్ని కర్మణి ప్రయోగం అంటారు. "అచ్చాయమ్మ వాజ్ కెప్ట్ బై ది డిసీజ్డ్." చూశారా? ఇప్పుడు వాక్యంలో మొదటి స్థానం మీది. వాడు ఎక్కడో చివర, బై పక్కన నిలబడ్డాడు. ఆ లాయరుకి ఇలా జవాబు రాయండి.

ఇట్లు,
ఉదయభాస్కర్

తా.క.: మా వసారాలో ఒక గులాబీ మొక్క పూయడం మానేసింది. చాకుతో రావాలని అంత పట్టుదలగా ఉంటే, వచ్చి దాన్ని కత్తిరించి వెళ్లండి.

*

కడియం,
2 సెప్టెంబరు 1997

ఉదయభాస్కర్ మాస్టారికి,

నమస్కారం. ఇది సగం నమస్కారం. మిగతా సగం వాక్యం బాగుచేశాక.

మాస్టారూ, చాప తిరగేశారు గానీ పడుకున్నది నేనేనండి. పేరు ముందు రాసినంత మాత్రాన ఏమైంది? మా పక్క ఊళ్లో మహిళా సర్పంచి ఉంది. బోర్డు మీద పేరు ఆవిడది, కుర్చీలో కూర్చునేది ఆవిడ మొగుడు. మీ కర్మణి ప్రయోగం అచ్చం అలాగే ఉంది.

నేను ఈ ఊరు వచ్చినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కూలికి వచ్చాను. అప్పుడు ఇది నర్సరీ ఏం కాదు, కాస్త కనకాంబరం మడి, ఒక నుయ్యి. సత్తియ్య గారి చెయ్యి మంచిది. ఆయన కట్టిన అంటు ఎండగా నేను చూడలేదు. అప్పట్లో అరటి నారతో కట్టేవాళ్లం, ఈ ప్లాస్టిక్ టేపులు లేవు. నార తడిపి, చీల్చి, నా భుజం మీద వేసుకుని నిలబడేదాన్ని. ఆయన కొమ్మ మీంచి కళ్లు తిప్పకుండా "అచ్చా, నార" అని చెయ్యి వెనక్కి చాపేవారు. ఆ మాట పూర్తయ్యేలోగా చేతిలో నార ఉండేది. మాకు ప్రేమ మాటలంటే అవేనండి. పొద్దు వాలాక మడులకి తడి పెట్టి గట్టు మీద కూర్చుంటే, ఆయన మొక్కల పేర్లు చెప్పేవారు, నేను మర్చిపోయినట్టు మళ్లీ అడిగేదాన్ని. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. పేర్లన్నీ నాకే వచ్చు.

చెడ్డ మనిషి కాదు. కాకపోతే శనివారం వస్తే యానాం వెళ్లిపోయేవారు. అక్కడ సీసా చవక. సోమవారానికి ఏ లారీవాళ్లో తెచ్చి దింపేవారు, మొక్కల్ని దింపినంత జాగ్రత్తగా కూడా కాదు. అలా వెళ్లి వెళ్లి ఒకసారి పక్షవాతంతో వచ్చారు. నాలుగేళ్లు మంచం. ఆ నాలుగేళ్లూ నేను పగలు లారీలకి మొక్కలు ఎక్కించి, మధ్యమధ్యలో వచ్చి ఆయన్ని పక్క మార్చి, గంజి తాగించేదాన్ని. కాస్త మాట వస్తే చాలు తిట్టేవారు. మాట రావడం మంచిదే కదా అని ఊరుకునేదాన్ని.

సపోటా అంటు ఎలా కడతారో మీకు తెలుసా? కింద పాల అనే అడవి మొక్క ఉంటుంది, దాని మీద సపోటా కొమ్మ కడతాం. వేరు పాలది. నీళ్లు తెచ్చేదీ, గాలికి పడకుండా నిలబెట్టేదీ అదే. కాయలు కాశాక అందరూ దాన్ని సపోటా చెట్టు అంటారు. పాల పేరు ఎవడూ ఎత్తడు. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఎవర్ని కీప్ చేసినట్టు? మీ ఇంగ్లీషులో దీనికి వాక్యం ఉంటే పంపండి. లేకపోతే లేదని చెప్పండి, ఆ భాష ఇంతే అనుకుంటాను.

ఇట్లు,
అచ్చాయమ్మ

తా.క.: గులాబీని ఈ ఎండల్లో కత్తిరించకూడదు. అక్టోబరు దాకా ఆగమనండి దాన్ని, మిమ్మల్ని కూడా.

*

రాజమండ్రి,
6 సెప్టెంబరు 1997

అచ్చాయమ్మ గారూ,

ఉంది! వాక్యం ఉంది! నేను పనికిమాలిన చోట వెతికాను. తిరగెయ్యకూడదు, మార్చాలి. ఆ కుర్చీలోంచి వాణ్ణి లేపి మీరు కూర్చోవాలి. కర్త మీరు.

అచ్చాయమ్మ కెప్ట్ ది నర్సరీ. నర్సరీని నడిపింది.
అచ్చాయమ్మ కెప్ట్ హర్ వర్డ్. మాట నిలబెట్టుకుంది.
అచ్చాయమ్మ కెప్ట్ వర్కింగ్. పని మానలేదు, పడుతూనే ఉన్న వాన లాగ.
అచ్చాయమ్మ కెప్ట్ ది డిసీజ్డ్. దీనికి అర్థం నేను రాయను. మీరే చెప్పండి ఆ సభలో.

ఈ నాలుగూ నోటికి వచ్చేదాకా చదవండి. మన సంఘంలో ఆడవాళ్లు చేసే పనులన్నిటికీ మొగవాళ్లు కర్తలుగా సంతకాలు పెడుతున్నారు. వంట ఆమె చేస్తుంది, "మా ఇంట్లో వంట బాగుంటుంది" అని వీడు అంటాడు. ఊడ్పులు ఆమె ఊడుస్తుంది, "ఈ ఏడు నేను వరి వేశాను" అని వీడు అంటాడు. దీని మీద నేను పత్రికలకి రాసిన ఉత్తరాలు ఎవడూ వెయ్యలేదు. అందుకే ఇప్పుడు మీకు రాస్తున్నాను.

ఆవేశంతో,
ఉదయభాస్కర్

తా.క.: "కెప్ట్ ది డిసీజ్డ్ అలైవ్" అని ఇంకొకటి రాసి కొట్టేశాను. అందులో మరణించినవాడు బతికి ఉన్నాడు. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ లాయరు ఒప్పుకోడు. రెండో తా.క.: ఆ రోజు నేనూ వచ్చి మాట్లాడనా? గంటన్నర చాలు.

*

కడియం,
22 అక్టోబరు 1997

మాస్టారికి,

నిండు నమస్కారం.

మీరు రాకపోవడం మంచిదైంది. మొత్తం పని గంటన్నరలోపే అయిపోయింది.

తాతాజీ గారి అరుగు మీద కూర్చున్నాం. ఒక పక్క అశోక్, వాళ్లమ్మ వీరమ్మ గారు. ఇటు నేనూ, అబ్బులూ. తాతాజీ గారు కాకినాడలో ఇంటరు దాకా చదివారు, ఇంగ్లీషు వచ్చు. అశోక్ లేచి, "ఏముందండి తేల్చడానికి? కొడుకుని నేను. ఈవిడ మా నాన్నకి కీప్" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. మీ మొదటి మూడు వాక్యాలూ వరసగా అప్పగించాను. తాతాజీ గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అప్పుడు నాలుగోది అన్నాను. "ఐ కెప్ట్ ది డిసీజ్డ్." అచ్చాయమ్మ అన్న చోట ఐ పెట్టింది నేనే, మీ రెండో పాఠంలో ఉంది. అబ్బులు చప్పట్లు కొట్టాడు. అర్థమై కాదు, నేను ఆగానని.

"ఏంటండీ అది?" అన్నాడు అశోక్.

"మీ నాన్నని తను ఉంచుకున్నానంటోంది" అన్నారు తాతాజీ గారు.

అశోక్ పగలబడి నవ్వాడు. "ఆడది మొగాణ్ణి ఉంచుకుంటుందా ఎక్కడైనా?"

అప్పుడు వీరమ్మ గారు నోరు విప్పారు మాస్టారూ. పాతికేళ్లలో ఆవిడ నాతో మాట్లాడలేదు, నా వైపు చూడలేదు. నా ప్రాణం గుప్పెట్లో పెట్టుకున్నాను.

"కూర్చోరా అశోకూ. ఎందుకు ఉంచుకోదు? నేను ఉంచుకోలేకపోయాను గనక ఆవిడ ఉంచుకుంది. ఆ తాగుడూ, ఆ నోరూ నేను పడలేక పుట్టింటికి పోయి కూర్చున్న రోజులు నీకేం తెలుసు? మంచాన పడ్డాక మన గుమ్మానికి తెచ్చి దింపితే నీ పెళ్లాం పడక ఎక్కడ వేసేది? నువ్వు ఒక్క రోజు వెళ్లి దుప్పటి మార్చావా మీ నాన్నకి? మొగుణ్ణే అప్పగించినదాన్ని, మొక్కల కోసం వీధిన పడమంటావేంట్రా నన్ను?"

అశోక్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. తాతాజీ గారు, "అయితే కర్త తేలిపోయినట్టే" అన్నారు. కౌలు నా పేరున రాస్తున్నారు. మొక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి.

వెళ్తూ వెళ్తూ వీరమ్మ గారు గుమ్మం దగ్గర ఆగి, "అచ్చా, నాకో మల్లె అంటు పంపించు" అన్నారు. అచ్చా అని నన్ను పిలిచే మనిషి పోయాడనుకున్నాను. నేను నర్సరీకి వచ్చి చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చుండిపోయాను.

ఇట్లు,
నర్సరీని కీప్ చేస్తున్న
అచ్చాయమ్మ

తా.క.: వీరమ్మ గారు కూడా మీ దగ్గర చేరతారట. ఎనిమిదో పాఠం నుంచి పంపమన్నారు. ఏడోది వచ్చేసిందట.

*

రాజమండ్రి,
9 నవంబరు 2004

అచ్చాయమ్మ గారికి,

నమస్కారం. మీ పాఠాలు ఎప్పుడో అయిపోయాయి, ఉత్తరాలు మాత్రం అవలేదు. ఈ ఉత్తరంతో ఒక విషయం చెప్పాలి. వచ్చే నెలాఖరుకి శిక్షణాలయం మూసేస్తున్నాను.

విద్యార్థులు లేరు. ఉన్నవాళ్లకి పోస్టు కోసం ఆగే ఓపిక లేదు. మా వీధి మొదట్లో ఒకడు బోర్డు పెట్టాడు, నెల రోజుల్లో ఇంగ్లీషు మాట్లాడిస్తాడట. అమ్మ భాష మాట్లాడటానికే మనకి రెండేళ్లు పట్టింది కదరా మూర్ఖుడా అని అడగబోయాను, వాడు సెల్‌ఫోనులో ఉన్నాడు. పిల్లలకి ఇంగ్లీషు అమెరికా బండికి టిక్కెట్టు అయిపోయింది. నా విద్యార్థులు వేరండి. ఇంగ్లీషు నేర్చుకుని ఎక్కడికీ వెళ్లనివాళ్లు. పిఠాపురంలో ఒక పూజారి చేరాడు, ఉత్తరాది యాత్రికులకి "కీప్ యువర్ చెప్పల్స్ అవుట్‌సైడ్" అని చెప్పాలని. ఆ ఒక్క వాక్యం వచ్చాక మానేశాడు. చెప్పుల్స్ అనకుండా చెప్పల్స్ అనిపించడానికే నాకు నాలుగు ఉత్తరాలు పట్టాయి. వీరమ్మ గారు పన్నెండో పాఠం దాకా వచ్చి, "ఇంక చాలు, మా కోడలికి అర్థం కాకుండా తిట్టడానికి సరిపడా వచ్చింది" అని రాశారు.

స్టెన్సిలు మీద ఇనప కలంతో గీకుతుంటే వచ్చే ఆ గరగర, పాఠాల కాపీలు తీసే రోనియో మిషను తిప్పాక వేళ్లకి అంటిన నల్లసిరా, పచ్చి కాగితం వాసన. మధ్యాహ్నం పోస్టుమాన్ సైకిలు బెల్లు వినపడితే అన్నం ముందు నుంచి లేచి వెళ్లేవాణ్ణి. కడియం ముద్ర ఉన్న కవరు ఉంటే ఆ అన్నం చల్లారిపోయేది. ఏడేళ్లలో మనం ఒకరినొకరు చూసుకోలేదు, గమనించారా? నిరుడు పుష్కరాలకి వచ్చి కూడా మీరు రేవు దాకా వెళ్లి, నా ఆఫీసు దాకా రాలేదు. నేనూ రమ్మనలేదు. అలా రమ్మంటే అబ్బులు ఏం అర్థం చెబుతాడో అని.

ఏం చేస్తానంటారా? తెలియదు. యాభై ఆరేళ్లవాణ్ణి, అందరితో తగువు పెట్టుకున్నవాణ్ణి, ఎవరు ఉంచుకుంటారు?

ఇట్లు,
ఉదయభాస్కర్

తా.క.: రోనియో మిషనుని పాత ఇనుము వాడికి ఇచ్చేశాను. ఏడో పాఠం స్టెన్సిలు మాత్రం ఇవ్వలేదు. గులాబీ ఇంకా పూయలేదు.

*

కడియం,
13 నవంబరు 2004

మాస్టారికి,

నమస్కారం. మీ ఉత్తరంలో ఆఖరున ఒక ప్రశ్న వేశారు. జవాబు: నేను.

బెంగుళూరు షావుకార్లు ఇప్పుడు మనుషుల్ని పంపడం మానేశారు. ఈమెయిల్ పంపమంటున్నారు. ఊళ్లో కంప్యూటరు కొట్టుకి వెళ్లి అబ్బులు రాస్తున్నాడు. మన గులాబీలకి ఏ తెగులూ లేదని రాయరా అన్నాను. డిసీజ్ అన్న మాటని ఆ పాత లాయరు నోటీసులో చూసి ఎక్కించాడో, లేదు అన్న ముక్క ఎక్కడ వదిలేశాడో గానీ, మా గులాబీలు స్వర్గస్థులైనందుకు సంతాపం తెలుపుతూ బెంగుళూరు నుంచి జవాబు వచ్చింది. ఆ లోడు ఇంకొకళ్లకి వెళ్లిపోయింది.

అందుకని నర్సరీలో ఇంగ్లీషు రాసే మనిషి కావాలి. కొత్త షెడ్డు వేయించాను, బల్లా కుర్చీ ఉన్నాయి, కిటికీ మల్లె మడుల వైపు ఉంది. పెంకులే వేయించాను. వానాకాలం కారితే కారనివ్వండి, మీకు అలవాటే. తగువు పెట్టుకోవడానికి లారీవాళ్లు రోజూ ఉంటారు. సాయంత్రం తడి పెట్టాక గట్టు మీద కూర్చుంటే మొక్కల పేర్లు నేను చెబుతాను. మీకు రావు గనక మర్చిపోయినట్టు నటించక్కర్లేదు.

ఊళ్లో ఏమంటారో నాకు తెలుసు. అచ్చాయమ్మ ఇంగ్లీషు మాస్టార్ని కీప్ చేసుకుందంటారు. అననివ్వండి. ఇన్నేళ్లూ కర్మగా మాట పడ్డాను, ఒకసారి కర్తగా పడతాను. మీకు అభ్యంతరం ఉంటే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలో రాసుకోండి, మీ పేరు ముందుకొస్తుంది.

గురువారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. చాకు తెస్తున్నాను. ఆ గులాబీకి కత్తిరింపు చాలదేమో, వేళ్లతో సహా తవ్వి ఇక్కడికే తెచ్చేద్దాం. మీ పెట్టె సర్ది ఉంచండి.

ఇట్లు,
అచ్చాయమ్మ

తా.క.: ఈలోగా కీప్ ఇన్ టచ్. అబ్బుల్ని అడగలేదు. అర్థం తెలిసే రాశాను.